మిగిలిన మనిషితో కాపరం

మా పక్కింటి వదినగారు పోయారన్న కబురు నాకు బజారులో ఉండగా తెలిసింది. పొద్దున్నే పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలబడ్డారట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మా ఊరు బండారులంకలో విన్నవాళ్లందరూ ముందు "అయ్యో" అన్నారు, వెంటనే "మరి ఆయన్నెవరు చూస్తారు?" అన్నారు. ఆవిడ బతికున్నన్నాళ్లూ అడిగిందీ అదే.

ఆయనంటే ఆవిడ భర్త. నాకు అన్నయ్యగారు. మస్కట్‌లో భవనాల పనికి వెళ్లి పరంజా మీంచి పడ్డారు. తలకు దెబ్బ. తిరిగొచ్చాక చూస్తే మనిషి నిక్షేపంలా ఉన్నారు. నడుస్తారు, నవ్వుతారు, మర్యాదగా పలకరిస్తారు. కానీ అన్నం తిన్నారో లేదో గుర్తుండదు. వీధి చివరికి వెళ్తే ఇల్లు తెలియదు. ఉన్నట్టుండి కంచం విసిరేసి, కాసేపటికి ఎవరు విసిరారని అడుగుతారు. వాళ్లకు పిల్లలు లేరు.

వదినగారు నేసిన చీరలంటే మా ఊళ్లో పేరు. కానీ మగ్గం చప్పుడుకి అన్నయ్యగారు తల పట్టుకుని ఏడ్చేవారు. దాంతో ఆవిడ నేత మానేసి, చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఆయన కనబడేలా గుమ్మంలోనే కూర్చునేవారు. మళ్లీ నేయాలని లేదా అని ఒకసారి అడిగాను. "ఎందుకుండదండీ? చేతులూరుకోవు" అన్నారు. జాలిపడితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ఆయన పోలేదు కదండీ. ఆయన్లో కొంత పోయింది. మిగిలినాయనతో కాపరం చేస్తన్నాను, అంతే."

మా అమ్మ మంచాన పడినప్పుడు నాకు సేవ చెయ్యడం నేర్పింది ఆవిడే. "ముందు పలకరించాలండి, ఆ తర్వాతే ముట్టుకోవాలి" అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

ఆమధ్య, మెదడుకు దెబ్బతగిలి బతుకుతున్నవాళ్ల కోసం చట్టం తేవాలన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద జనం మాట వినడానికి అమలాపురంలో సభ పెడితే, ఇద్దరినీ నేనే తీసుకెళ్లాను. అన్నయ్యగారు వేదిక మీదవాళ్లకు నమస్కారం పెట్టి, మస్కట్ ఎండల గురించి కమ్మగా మాట్లాడారు. అక్కడున్న ఒక పెద్దమనిషి "ఈయన బాగానే ఉన్నారు కదమ్మా!" అన్నారు.

"ఆయ్, బాగానే ఉన్నారండి" అన్నారు వదినగారు. "తవరు టీ తాగి రండి. వచ్చి, ఇందాక ఎవరితో మాట్లాడేరని ఈయన్ని అడగండి."

తర్వాత వేదిక వైపు తిరిగి అన్నారు: "నాకేం వద్దండి. ఓపికున్నన్నాళ్లూ నేనే చూసుకుంటాను. నా తర్వాత ఈయన్నెవరు చూడాలో, ఆ ఒక్క మాటా చట్టంలో రాయించండి."

తిరిగొస్తుంటే బస్సులో అన్నయ్యగారు "ఎవరి పెళ్లికెళ్లేం మనం?" అన్నారు.

"మన చుట్టాలదేనండి. భోజనాలు బాగా పెట్టేరు" అంటూ వదినగారు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

ఆ చట్టం ఇంకా ప్రతిపాదనగానే ఉంది. ఆవిడ మాట అందులోకి ఎక్కిందో లేదో నాకు తెలియదు. ప్రస్తుతానికి అన్నయ్యగారు రాత్రిళ్లు తన తమ్ముడింట్లో, పగలు మా ఇంట్లో ఉంటున్నారు. ఎన్నాళ్లిలా అన్నది ఎవరమూ పైకి అనుకోలేదు.

అస్థికలు కలపడానికి జొన్నాడ రేవుకి వెళ్లాం. ఆయన తమ్ముడు కుండ వంచాడు. మోకాళ్ల లోతు గోదావరిలో నిలబడి అంతా చూసిన అన్నయ్యగారు, మెల్లిగా గట్టు వైపు తిరిగి చెయ్యి చాపారు.

"పాచి ఉంది, జారుద్ది. నా చెయ్యి పట్టుకుని దిగు" అన్నారు.

మెట్ల మీద ఎవరూ లేరు. ఆయన చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.