ఆలందలై నుంచి మణప్పాడు దాకా: మా వదిన నడిచిన ఇసుక దారి

మా వదిన వీరలక్ష్మికి యాభై ఎనిమిదేళ్ళు. తమిళనాడులో ఎట్టయాపురం దగ్గరి పల్లెలో మూడెకరాల నల్లరేగడి చేను ఆమెది. భర్త పోయాక కూడా మిరప, మినుము తానే వేసుకుంటూ వచ్చింది. కిందటేడు కళ్ళంలో జారిపడి ఎడమ మోకాలు దెబ్బతింది. కోవిల్‌పట్టిలో ఆపరేషన్ చేశారు. ఎనిమిది నెలలు ఓపిగ్గా వ్యాయామాలు చేస్తే నడక వచ్చింది గానీ, నేల మీద కూర్చుంటే మాత్రం గోడో మనిషో ఆసరా ఉంటే తప్ప లేవలేకపోయేది. ఈ ఏడు ఆడి నెలలో, అంటే జులై ఆఖర్లో, మా ఆయన చేను కౌలుకిచ్చేద్దామన్నాడు. ఆయన ఆమెకు తమ్ముడు. తరాలుగా తమిళ దేశంలో ఉన్న వాళ్ళింట్లో మాట్లాడుకునే తెలుగులోనే అన్నాడు: "కలుపు తీసేదానికి నూరు తడవలు కూసోని లేవాల అక్కా. నీకు అయ్యేది లేదు."

ఆమె మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేసింది. నేను పుట్టింది ఒంగోలులో. పెళ్ళయి వచ్చి పదహారేళ్ళుగా విరుదునగర్‌లో బడిలో పాఠాలు చెబుతున్నాను. సెలవు దొరికితే భుజానికి సంచి తగిలించుకుని సముద్ర తీరం వెంట నడుస్తూ, దారిలో హాస్టళ్ళలో ఉంటూ తిరగడం నా అలవాటు. మా ఇంట్లో అందరూ దాన్ని పిచ్చి కింద జమకట్టేశారు. వదిన మాత్రం ప్రతిసారీ ఎక్కడెక్కడ పడుకున్నావు, ఏం తిన్నావు అని అడిగి మరీ తెలుసుకునేది.

"సుదా, నువ్వు కడలు గట్టునే నడిచి పోతావే, ఈ తడవ నేనూ వస్తాను" అంది ఫోన్లో. "ఇసకలో నడిచి సూస్తాను. నడవలేకుంటే సేను ఇచ్చేస్తాను. నడిస్తినా, పురట్టాసిలో నేనే దా యిత్తేది."

పురట్టాసి అంటే సెప్టెంబరు నడిమి నుంచి వచ్చే విత్తుల నెల; మాటను నొక్కి చెప్పడానికి వాళ్ళు 'దా' అంటారు. కడలి అనే మాట నేను బళ్ళో పద్యాల్లో తప్ప వినలేదు. ఆమె నోట అది బస్సు, సంత అన్నంత మామూలుగా వస్తుంది. ఆ మాటకే సగం కరిగిపోయాను. మిగతా సగం భయం. మోకాలు ఇసుకలో మెలిపడితే ఇంట్లో నన్ను బతకనివ్వరు. అయినా సరేనన్నాను.

ఆవణి మొదట్లో, ఆగస్టు మూడో వారంలో ఒక శుక్రవారం. విరుదునగర్‌లో ఐదుంపావు బస్సెక్కితే ఆరున్నర లోపే కోవిల్‌పట్టి. అక్కడ స్టాండు బయట కడలై మిఠాయి (పల్లీ చిక్కీ) పొట్లాలు రెండు కొనుక్కుని తిరుచెందూరు బస్సు పట్టుకున్నాను. ఎట్టయాపురంలో వదిన ఎక్కింది. చేతిలో గుడ్డ సంచి, కాళ్ళకు మనవరాలి స్పోర్ట్స్ బూట్లు. రెండు బస్సులకూ కలిపి నాకు నూటయాభై దాటలేదు. పది గంటలకు తిరుచెందూరులో దిగాం. నేను ముందే ఆడవాళ్ళ డార్మిటరీలో రెండు పడకలు చెప్పి ఉంచాను, మనిషికి ఐదువందలు. తీరా వెళితే రెండూ పై పడకలే. వదిన ఇనప నిచ్చెన వంక కాసేపు చూసింది.

"ఇదేంది, సేన్లో మంచె మాదిరి వుండాది?"

కింది పడక మీద ఉన్న కోయంబత్తూరు నర్సు ఒకామెకు సంగతి అర్థమై, తన దుప్పటి తీసుకుని పైకి మారిపోయింది. వదిన ఆమెకు సగం మిఠాయి పొట్లం ఇచ్చింది. సాయంత్రానికి ఆ గదిలో ఆరుగురు ఆడవాళ్ళకీ ఆమె మోకాలి కథ తెలిసిపోయింది. నర్సయితే మోకాలికి పట్టీ ఎలా చుట్టుకోవాలో, ఎంత బిగించాలో ఓపిగ్గా నేర్పింది.

శనివారం పొద్దున ఐదున్నరకు ఆటోలో బయలుదేరి ఆలందలై చేరాం, రెండువందలు తీసుకున్నాడు. తిరుచెందూరు నుంచే నడవొచ్చు కానీ నేను కావాలనే ఐదారు కిలోమీటర్లు తగ్గించాను. ఆలందలై నుంచి మణప్పాడుకు ఒడ్డు వెంట పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆవణిలో గాలి విపరీతం. పొడి ఇసుక పైకి లేచి పిక్కల మీద సూదుల్లా గుచ్చుతుంది. అల వచ్చి వెనక్కి పోయిన చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడవాలి. పది నిమిషాల్లో వదిన బూట్లు విప్పేసి, లేసులు ముడేసి మెడలో వేసుకుంది.

"ఇది తొక్కేదానికి మా సేను మాదిరే వుండాది, వాన పడిన మర్నాడు" అంది. ఆ తర్వాత ఆమె నా ముందు నడిచింది. నేను గంటకు నాలుగు కిలోమీటర్లు వేసేదాన్ని. ఆ రోజు రెండున్నర. మొదట్లో ఆ నెమ్మదికి నా కాళ్ళు ఊరుకోలేదు, తర్వాత అదే హాయిగా ఉంది. ఎనిమిదిన్నరకు కులశేఖరపట్టినంలో రోడ్డు మీదికి వచ్చి, ఒక పాకలో ఇడ్లీ తిని, సీసాలు నింపుకున్నాం. అప్పటికే మోకాలు కొంచెం వాచింది. పట్టీ విప్పి మళ్ళీ చుట్టుకుంది. నొప్పిగా ఉందా అంటే, "నొస్తాది. నొస్తే ఏం, నడుస్తాది గదా" అంది.

పదిన్నరకు ఆగిపోవలసి వచ్చింది. మణప్పాడుకు ముందు ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. కొన్ని నెలలు ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతుందట, అప్పుడు పొడికాళ్ళతో దాటొచ్చు. మేం వెళ్ళినప్పుడు తెరుచుకుని ఉంది. ఇరవై అడుగుల వెడల్పు ఉంటుందేమో, నీళ్ళు లోపలికీ బయటికీ ఊగుతున్నాయి. ఒడ్డున తాటాకు నీడలో సూసై అనే పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. మా సంచులు చూసి తమిళంలో పలకరించాడు.

"ఇప్పుడు తొడల లోతుంది అక్కా. పోటు తగ్గుతోంది. పన్నెండున్నర దాకా ఆగితే మోకాలి లోతుకు వస్తుంది. తొందరైతే చెప్పండి, నా బండి మీద రోడ్డుకు దింపుతాను. మణప్పాడు బస్సు దొరుకుతుంది."

నేను వెంటనే లేచాను. నాకు నిజంగా ఆ బండే ఎక్కాలని ఉంది. "వదినా, పది కిలోమీటర్లు నడిచేశారు. చాలదా? ఎవరూ కాదనరు."

ఆమె సూసైకి దండం పెట్టి, ఆగుతామని తమిళంలో చెప్పి, నా వైపు తిరిగింది. "నా తంబి కాదనడు సుదా. ఈడే ఆగిపోతినని నాకు దా తెలస్తాది."

రెండు గంటలు ఆ నీడలో కూర్చున్నాం. ఆమె ఒక తిరగేసిన పడవ అంచు మీద, నేను ఇసుకలో. సూసై వల కన్నాలు ఎలా ముడేస్తాడో ఆమె అడిగి చూసింది. మిరపకు ఎన్ని తడవలు కలుపు తీయాలో ఆయన అడిగి తెలుసుకున్నాడు. పన్నెండున్నరకు ఆయనే ముందు దిగి, కర్రతో పొడిచి చూసి, ఎక్కడ దాటాలో చూపించి, అవతలి గట్టుకు వెళ్ళి నిలబడ్డాడు. నేను ముందు, వదిన వెనక.

సగంలో వెనక ఛప్పున శబ్దం. తిరిగి చూస్తే ఆమె నీళ్ళలో కూర్చుని ఉంది, ఛాతీ దాకా తడిసి. కాలి కింద ఇసుక జారిపోయింది. నేను పరుగున వెళ్ళి చెయ్యి చాపాను. అవతలి నుంచి సూసై కూడా దిగాడు.

"తియ్యి సెయ్యి" అంది. గొంతు గట్టిగా ఉంది. "అన్నాచ్చీ, ఆడే నిలవండి" అని ఆయనకూ చెప్పింది, తొందరలో తెలుగులోనే. ఆయన నిలబడిపోయాడు.

కుడి మోకాలి మీద వాలింది. ఎడమ పాదం ముందుకు తెచ్చి అదిమింది. తొడ మీద అరచెయ్యి పెట్టి లేవబోయి మళ్ళీ కూలబడింది. అల ఒకటి వచ్చి ముఖం మీద కొట్టింది. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, వెనక్కి తీసుకోవడానికి మనసు రావడం లేదు. ఆమె నోట్లో నీళ్ళు ఉమ్మేసి, పళ్ళు బిగించి, రెండోసారి లేచింది. పూర్తిగా లేచి నిలబడింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, దేన్నీ పట్టుకోకుండా.

ఒక్క క్షణం తన కాళ్ళ వంక తనే చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను, ఏడుపూ వచ్చింది. సూసై చప్పట్లు కొడుతున్నాడు. అవతలి గట్టెక్కగానే ఆమె సంచి కింద పెట్టి, పొడి ఇసుకలో కావాలనే చతికిలబడి లేచింది. మళ్ళీ కూర్చుని లేచింది. ఇంకోసారి.

"నీళ్ళలో ఒకటి, ఈడ మూడు" అంది రొప్పుతూ. "నూరుకు ఇంక తొంబై ఆరు దా!"

మణప్పాడు ఇసుక దిబ్బ ఎక్కేసరికి రెండు దాటింది. పైన తెల్లటి చర్చి, దాని వెనక నుంచి చూస్తే సముద్రం దిబ్బను చుట్టుకుని ఉంటుంది. ఆ గాలికి నిలబడడమే కష్టం. వదిన కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ చాపి, గాలికి ఎదురు నిలబడింది. నేను తీసిన ఫొటోల్లో నాకు బాగా నచ్చింది అదే. ఊళ్ళో సముద్రం మీద తెరచాప పలకలు (విండ్‌సర్ఫింగ్) నేర్పేవాళ్ళు నడిపే చిన్న హాస్టల్‌లో దిగాం, పడకకు ఆరువందలు, భోజనం వేరు. వంట చేసే స్టెల్లా వంజరం చేపల పులుసు పెడుతూ, తడిసిన చీర చూసి సంగతి అడిగింది. వదిన చెప్పింది. స్టెల్లా ఇంకో ముక్క వేసి, "ఇది పందెం గెలిచినదానికి" అంది. పక్క బల్ల దగ్గర హైదరాబాదు పిల్లలు ఇద్దరు మా మాటలు విని, "ఆంటీ, మీ తెలుగు భలే ఉంది, ఇంకా మాట్లాడండి" అని చుట్టూ చేరారు. మా పెళ్ళిలో ఇదే తెలుగుకు మా వాళ్ళు నవ్వితే ఆమె రెండు రోజులు నోరు విప్పలేదు. ఆ సాయంత్రం మాత్రం ఆపమన్నా ఆపలేదు.

అన్నం తిన్నాక తమ్ముడికి తనే ఫోన్ చేసింది. మణప్పాడు దాకా నడిచానని, నీళ్ళలో పడి తనే లేచానని చెప్పింది. చివరికి నాకు కూడా వినిపించింది: "సరి అక్కా. యిత్తనాలు ఎంత కావాల?"

నేను ఇన్నేళ్ళూ తీరం వెంట ఒంటరిగానే నడిచాను. ఎవరైనా తోడొస్తే నా వేగం తగ్గిపోతుందని భయం. వదినతో నిజంగానే తగ్గింది. ఒంటరిగా ఉంటే ఆ మొగ దగ్గర విసుక్కుని రోడ్డెక్కేసేదాన్ని. సూసైతో మాట్లాడేదాన్ని కాదు. మనిషి లేచి నిలబడడం అనే పని ఎంత పెద్దదో కళ్ళారా చూసేదాన్ని కాదు. పురట్టాసి మూడో వారంలో ఆమె మినుము విత్తింది. గొర్రు వెంట ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంటే మా ఆయన గట్టు మీద నిలబడి ఫొటో తీసి నాకు పంపాడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒకటే చెబుతాను. ఏటి మొగలు నెలనెలకూ మారిపోతాయి, ఫోన్లో మ్యాపును నమ్మి దిగొద్దు. ఒడ్డున వలల దగ్గర ఉన్నవాళ్ళను అడిగి, వాళ్ళు ఆగమన్నంతసేపూ ఆగండి. దిగే ముందు భుజం సంచి నడుం పట్టీ విప్పేయండి. పడితే సంచిని వదిలేసి మీరు లేవడానికి వీలుగా ఉంటుంది.