లారీ రేకు మీద మావ చెయ్యి

మా నాన్న కలకత్తాలో చెత్త లారీ తోలేవాడు. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, ఆ లారీకే క్లీనరు. లారీ వెనక్కి తీసేటప్పుడు మిగతా క్లీనర్లు ఏదైనా అడ్డొస్తేనే రేకు మీద చరిచేవాళ్లు. మావ పద్ధతి వేరు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ టపటపా కొడుతూనే ఉండేవాడు. చెయ్యి ఆపాడంటే నాన్న బ్రేకు నొక్కాలి. మావకి చేతి దురదని నేను వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నడుం పట్టేసి పని మానేసిన రోజున మావ అమ్మని పక్కకి పిలిచాడు.

"అప్పా, బావకి సూపు ఆన్నేదు. ఇన్నాళ్లూ నా సెయ్యి సప్పుడు ఇని తోల్నాడు. ఎలాగైనా లారీ దింపీయి. ఎవుల పేణమైనా పోతాది" అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మ ఆ మాట ఎత్తేసరికి నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"ఏటి, నాను ముసిలోణ్ణయిపోనానా? యూనియనుండగా నన్ను దింపేవోడెవుడు?"

నాకూ ఒళ్లు మండింది. "సక్రాల కింద ఎవులైనా పడ్డాక తెలుస్తాది" అన్నాను. ఆయన కంచం తోసేసి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున నేను గుమ్మంలో ఉండగా లారీ మా క్వార్టర్ల సందులోకే వచ్చింది. అక్కడ తిప్పుకునే చోటు లేదు, వెనక్కే పోవాలి. కొత్త క్లీనరు నడివయసు బెంగాలీ మనిషి. వెనక నిలబడి చూశాడు. అడ్డేమీ లేదు గనక చెయ్యి కదపలేదు. లారీ కూడా కదల్లేదు. సందులోంచి బయటికి పోవలసిన రిక్షాలన్నీ దాని ముందు ఆగిపోయాయి.

క్లీనరు కిటికీ దగ్గరికొచ్చి, "దాదా, దారంతా ఖాళీయే, ఇంకా ఎందుకాగావు?" అని బెంగాలీలో అడిగాడు.

నాన్న అద్దంలోకే చూస్తున్నాడు. చెవి మాత్రం వెనక్కి ఒగ్గి ఉంచాడు. ఆయన మావ చప్పుడు కోసం కాచుకుని ఉన్నాడని అప్పుడు తెలిసింది నాకు. రాత్రి కోపం ఎటు పోయిందో.

వెనక్కెళ్లి నేనే కొడదామనుకున్నాను. రెండడుగులు వేసి ఆగిపోయాను. నేను కొడితే ఆయన రేపూ తోలుతాడు.

కాసేపటికి నాన్న ఇంజను ఆపాడు. తలుపు పట్టుకుని తడుముకుంటూ దిగి, తాళం క్లీనరు చేతిలో పెట్టాడు. నేను దగ్గరికెళ్తే నా భుజం పట్టుకున్నాడు.

"అద్దంలో ఏటీ అవుపడ్నేదమ్మా" అన్నాడు.