సూర్‌లో లీవర్ తుపాకీ, నేను చెరిపేసిన గాడి

ఏడో తరగతి నేను రెండేళ్ళు చదివాను. మూడో ఏడు కూడా చదివేవాణ్ణే గానీ, మా పంతులు మా నాయన దగ్గరికొచ్చి దండం పెట్టినంత పని చేశాడు. అట్లా బడి బతికిపోయింది, నేను లేతు మిషను మీద పడ్డాను. ఆ లేతు పనితోనే 1976లో ఒమాన్‌లోని సూర్‌లో, లైసెన్సున్న తుపాకుల రిపేరు షాపులో ఫిట్టర్‌గా చేరాను. మూడు నెలలు ప్రొబేషన్. దర్జా ప్రకారం పైన అర్బాబు, అంటే యజమాని, ఖమీస్. ఆయన కింద హెడ్ మెకానిక్, హైదరాబాద్ మహమూద్ భాయి. భాయి కింద నేను. నా కింద సముద్రం.

షాపు అలల పక్కనే. నీళ్ళ మీది వెలుగు కిటికీలోంచి వచ్చి కప్పు మీద ఊగుతుండేది. సీసం కరుగుతుంటే ఆ మధ్యాహ్నం కూడా దానితోపాటు మెత్తబడేది. ఒడ్డున సగం కట్టిన చెక్క ఓడలు, ఎవరో కలగంటూ మధ్యలో లేచిపోయినట్టు నిలబడి ఉండేవి.

రషీద్ అని ఓ ముసలి నాఖుదా, అంటే ఓడ కెప్టెన్, ఉండేవాడు. బొంబాయికి ఖర్జూరాలు మోసి మోసి హిందీ నేర్చుకున్నాడు. ఆయనది లీవర్ తుపాకీ. బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనక నుంచి స్ప్రింగు నెడుతుంటుంది. లీవర్ కిందికి లాగితే ఒక పలక ఒక్క తూటానే పైకెత్తుతుంది. ఆ పలకను భాయి ఝూలా, అంటే ఊయల, అనేవాడు. దానికి కంపెనీ తూటాలు దొరక్క, వాడిన ఇత్తడి గొట్టాల్లో మేమే అడుగున నిప్పు రాజేసే కొత్త క్యాపు, లోపల మందు, సీసం గుండు పెట్టి ఇచ్చేవాళ్ళం. గుండుకు ముక్కు చప్పిడిగా ఉండాలి. మొన తేలితే ముందున్న తూటా క్యాపుకు గుచ్చుకుని గొట్టంలోనే పేలుతుంది.

ఈద్‌కు ఆ పేట మగవాళ్ళంతా వరుసగా నిలబడి కొండవాలు మీది తెల్లరాయిని కొడతారు. మనిషికి పది తూటాలు. మధ్యలో తుపాకీ ఇరుక్కుంటే వరుసలోంచి బయటికి రావాలి. నాఖుదాకు అంతకన్నా ఓడ మునగడం నయం.

గుండ్లు పోసే పాత అచ్చు అరిగిపోయింది. భాయి ఒక పాత గుండు నమూనాగా ఇచ్చి, కొత్త అచ్చు కొయ్యమని చెప్పి, లైసెన్సు కాగితాల పని మీద మస్కట్ పోయాడు. గుండు చుట్టూ మూడు గాడులున్నాయి. కింది రెండూ మైనం పట్టడానికని తెలుసు, ఉంచాను. పైదానికి పనేమిటో తెలియలేదు. లేతు మనిషికి గాడి కనబడితే చెయ్యి దురద. ఎవడో టూలు జారించుకున్న గీత అనుకుని నున్నగా కోసేశాను. ముప్ఫై తూటాలు చేసి వెర్నియర్‌తో కొలిచాను. అన్నీ ఒక్క పొడవు. కవలల్లా మెరిశాయి.

పండుగ రెండు రోజులుందనగా నాఖుదా వచ్చి తుపాకీ బల్ల మీద పెట్టాడు. "నీ తూటాలు మూడోదానికే నిద్రపోతున్నాయి" అన్నాడు. లీవర్ సగంలో బిగుసుకుపోయి ఉంది. ఖమీస్ అరవలేదు. ఇనప్పెట్టె తెరిచి, నా పాస్‌పోర్టు తీసి, వెర్నియర్ పక్కన పెట్టాడు. పండుగనాడు ఈ తుపాకీ ఇరుక్కుంటే మర్నాడే ఇంటికి టికెట్టని మాత్రం చెప్పాడు.

తప్పు తుపాకీదేనని, ఝూలాను కాస్త ఆకురాయితో రాద్దామని కూచున్నాను. అప్పుడే భాయి మస్కట్ నుంచి దిగాడు.

"అరే గంగారాం, బందూకు నీ తాత వయసుది. దాన్ని రాసే ముందు తూటానడుగు మియా."

ఇరుక్కున్న తూటాలను విడిపించి కొలిచాం. పొడవులో బియ్యపు గింజ మందం తగ్గాయి. భాయి గుండు మీద గోరు నడిపి, గాడి లేకపోవడం చూసి తల పట్టుకున్నాడు. ఇత్తడి అంచును లోపలికి నొక్కి ఆ గాడిలోకి దింపితేనే గుండు కదలకుండా నిలుస్తుందట. నా నున్నటి గుండుకు ఆ పట్టు లేదు. స్ప్రింగు నెట్టుడుకు, కాల్చినప్పటి కుదుపుకు అది లోపలికి జారిపోయింది. తూటా పొట్టిదయ్యేసరికి దాని వెనకదీ ఝూలా మీదికి తోసుకొచ్చి ఇరుక్కుంది.

ఆ గాడి పడేలా ఇంకో అచ్చు కోసి మళ్ళీ పోశాం. అంచు నొక్కాం. ముందు మందూ క్యాపూ లేని ఉత్తుత్తి తూటాలు పది చేసి గొట్టంలో నింపి, లీవర్ ఆడించి ఆడించి కొలిచాం. పొడవు మారలేదు. ఆ తరవాతే మందు డబ్బా తెరిచాం.

పండుగ సాయంత్రం ఎండ తేనె రంగుకు తిరిగింది. సాంబ్రాణి పొగలో తెల్లటి దుస్తుల వరుస గాలికి తేలుతున్నట్టుంది. నేను రాయివైపు చూడలేదు, లీవర్ చప్పుడే విన్నాను. టక్, టక్. మూడోది దాటింది. పదోదాకా ఆ చప్పుడు ఎవరో నిద్రలో తలుపు తీసి వేసినంత తేలిగ్గా నడిచింది. ఖమీస్ పాస్‌పోర్టు మళ్ళీ పెట్టెలో పెట్టాడు.

ఒక గీత ఎందుకుందో తెలిసేదాకా దాన్ని చెరపకూడదు. బల్ల మీద కొలత సగం కొలతే, పనిచేసే చోట మళ్ళీ కొలవాలి. రిటైరయ్యేదాకా ఈ రెండు మాటలూ నేను తప్పలేదు.

నోరు మాత్రం ఊరుకోదు కదా. ఆ సాయంత్రమే నాఖుదా దగ్గరికెళ్ళి, "చాచా, పదికి పదీ ఎక్కాయి. రాయికి ఆరే తగిలాయేం?" అన్నాను.

ఆయన ఖావా కాఫీ గిన్నె దించకుండానే అన్నాడు: "ఎక్కినవి నీవి, తగిలినవి నావి. తప్పినవి నాలుగు. రా, చెరి రెండు పంచుకుందాం."