నాలుగు చక్రాల మీద మూడేసి చుక్కలు

ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇన్నేళ్ళూ ఒక మనిషి పరువు తిని బతికాను. ఈ ఒక్క మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదట ‘పొరపాటు జరిగింది’ అని రాశాను. కొట్టేశాను. పొరపాటు దానంతట అది జరుగుతుంది. నేను తెలిసి చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మా ఊరివాళ్ళు చదివితే మాత్రం వెంటనే పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

2005లో నేను అబుదాబి పక్కన బనియాస్‌లో ఒక వర్క్‌షాపులో టైర్ల పని చేసేవాణ్ణి. మిలిటరీ లారీలు రిపేరుకు వచ్చేవి. వాటి చక్రం మన లారీల చక్రంలా ఒకే ముక్కగా ఉండదు. ఇనుముతో చేసిన రెండు సగాలు, వాటి మీద టైరు. చుట్టూ నట్లు బిగిస్తే రెండు సగాలూ ఒకటవుతాయి. లోపల ట్యూబు ఉండదు. రెండు సగాలు కలిసే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. గాలిని ఆపేది అదే. ఇసుకలో తిరిగి తిరిగి ఆ వేడికి రింగు చదునైపోతుంది, అది కూర్చునే చోట తుప్పు పడుతుంది, గాలి సన్నగా పోతూ ఉంటుంది.

బాగుచేయడం పెద్ద విద్యేమీ కాదు. ముందు గాలి మొత్తం తీసేయాలి. గాలి ఉండగా నట్లు విప్పితే పై సగం ఎగిరి మనిషిని చంపుతుంది. విప్పాక తుప్పును ఇనుము మెరిసేదాకా గీకాలి. కొత్త రింగు వేయాలి. బిగించి, గాలి కొట్టి, సబ్బునీళ్ళు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఆ తర్వాత ఒక రోజు అలా ఉంచి, మర్నాడు గాలి మళ్ళీ కొలవాలి.

కొత్త రింగులు స్టోర్‌లో, ఫోర్‌మన్ తాళం వేసుకున్న బీరువాలో ఉండేవి. అడిగితే తిట్టేవాడు. పాతది పనికిరాదా, నీ అబ్బ సొమ్మా అని అందరి ముందూ అరిచేవాడు. అరిచి ఇచ్చేవాడు. ఈ సంగతి మీరు మరిచిపోకూడదు. ఇచ్చేవాడు.

నా పక్కన గంగారామన్న పనిచేసేవాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద. ప్రతి చక్రానికీ వెళ్ళి రింగు అడిగేవాడు. ప్రతిసారీ తిట్లు తిని, ఆ రింగును మెడలో దండలా వేసుకుని నవ్వుతూ వచ్చేవాడు. “రింగు అడుగుమంటె నీకు నోరు రాదు గని తమ్మీ, బిర్యానీల రెండో ముక్క అడుగుమంటె మంచిగ వస్తది” అని నన్ను ఎగతాళి చేసేవాడు.

పని అయ్యాక ఎవరి చక్రం మీద వాళ్ళు తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాలి. నాది అడ్డగీత. గంగారామన్నది వాల్వు పక్కన మూడు చుక్కలు. రెండేళ్ళలో ఆయన బిగించిన చక్రం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అందుకని మూడు చుక్కలున్న చక్రాన్ని మర్నాడు ఎవరూ కొలిచేవాళ్ళు కాదు. నేరుగా లారీకి ఎక్కించేవాళ్ళు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది. ఆయన చేతుల మీద అందరికీ ఉన్న నమ్మకం.

ఆ జూలైలో ఫోర్‌మన్, స్టోర్‌లో కూర్చునే పనికి ఒక మనిషి కావాలన్నాడు. ఎవరి చేయి చురుగ్గా ఉంటే వాడికే అన్నాడు. స్టోర్‌లో ఏసీ ఉంది. మేమేమో రేకుల షెడ్డు కింద. ఇక్కడ మీరు నా కోసం ఏదో ఒక కారణం వెతుకుతారేమో. వెతకకండి. మా ఇంట్లో ఎవరికీ రోగం లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు. నాకు చల్లటి గది కావాలనిపించింది. అంతే.

ఆ రోజు నా వంతుకు నాలుగు చక్రాలు వచ్చాయి. రింగులు అడగలేదు. అడగనివాడినే ఫోర్‌మన్ మంచి పనివాడంటాడని నా లెక్క. పాత రింగులే తుడిచి పెట్టాను. తుప్పు గీకకుండా దాని మీదే సందులు మూసే గాస్కెట్ పేస్టు మందంగా పూశాను. సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ రాలేదు. పేస్టు ఆ పూటకు ఆపుతుంది. మర్నాటికి ఆపదని నాకు తెలుసు. అడ్డగీత పెడితే మర్నాడు కొలుస్తారనీ తెలుసు. గంగారామన్న టీకి వెళ్ళినప్పుడు బ్రష్షు తీసుకుని నాలుగింటి మీదా మూడేసి చుక్కలు పెట్టి, అందరి చక్రాలూ ఉన్న వరుసలోకి దొర్లించాను. ఆ వరుసలో ఎవరివి ఎన్నో ఎవరూ చూడరు. మధ్యాహ్నానికే నా చోటు ఖాళీ అయింది. ఫోర్‌మన్ చూసింది అదొక్కటే.

నాలుగో రోజు కబురు వచ్చింది. ఆ చక్రాలు ఎక్కించిన లారీ ఎడారిలో కూలబడింది. డ్రైవరు పగలంతా ఆ ఎండలో ఒంటరిగా ఉండి, వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. బతికాడు. ఆయన పేరేమిటని కూడా నేను అడగలేదు.

చక్రాలు విప్పి యార్డులో పడేశారు. అందరినీ పిలిచారు. “యే కిస్కా నిషాన్ హై?” అని ఫోర్‌మన్ అరిచాడు. ఈ గుర్తు ఎవడిదని. గంగారామన్న గొంతుకూర్చుని, పేస్టును వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

“నిషాన్ మేరా హై సాబ్. కామ్ మేరా నహీ” అన్నాడు. గుర్తు నాదే, పని నాది కాదని. తర్వాత నా వైపు తిరిగాడు.

“తమ్మీ, పాత రింగు మీద పేస్టు పూసుడు నేనెన్నడన్న చేసిన్నా? నా పక్కపొంటే ఉంటవ్ గద. జెర చెప్పు సాబ్‌కు.”

“బోల్” అన్నాడు ఫోర్‌మన్ నన్ను చూసి.

“నాకేమెర్క అన్నా” అన్నాను. “చుక్కలైతే నీయే గద.”

ఆయన నా ముఖం చూశాడు. ఎవరు చేశారో అప్పుడే తెలిసిపోయిందని నా నమ్మకం.

“అవ్ తమ్మీ” అన్నాడు. “చుక్కలైతే నాయే.”

“ఖలాస్. యల్లా, సామాన్ బాంధో” అని ఫోర్‌మన్ వెళ్ళిపోయాడు. అయిపోయింది, సామాను సర్దుకో అని.

వారం తిరక్కుండానే వీసా రద్దుచేసి, మళ్ళీ రావడానికి వీల్లేకుండా పంపేశారు. రెండేళ్ళ పనికి ఒక్క ప్రశ్న, ఒక్క సాక్షి. ఆ సాక్షి దొంగ. ఇదేం న్యాయం? మాకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, ఆయన ముఖమైనా చూడలేదు. నెల తర్వాత స్టోర్ తాళం నా చేతికి వచ్చింది. బీరువా తెరిచాను. విప్పని డబ్బాల నిండా కొత్త రింగులు! అన్ని పెట్టుకుని, ఎండలో పనిచేసేవాడి చేత ఒక రబ్బరు ముక్క కోసం రోజూ తిట్లు తినిపించాడా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

కానీ ఆ మంట నాకెంత హాయిగా ఉండేదో! ఏళ్ళ తరబడి దాని దగ్గరే చలికాచుకున్నాను. ఫోర్‌మన్ దుర్మార్గుడు, నిజమే. అతను దుర్మార్గుడైతే నేను మంచివాణ్ణి అయిపోతానా? అదే ఫోర్‌మన్‌ను గంగారామన్న రోజూ అడిగాడు. రోజూ తెచ్చుకున్నాడు. గల్ఫ్‌లో అందరూ అంతే, బతకనేర్చినవాడు అట్లాగే చేస్తాడు అనే మాట మా వైపు చాలా వింటాం. ఎవరైనా అలా అంటే గొంతు పట్టుకోవాలనిపిస్తుంది నాకు. అందరూ అంతే ఎలా అవుతారు? నాకు రెండు గజాల దూరంలో ఒకడు అలా చేయలేదు. వాడినే కదా నేను పంపించింది!

మూడేళ్ళు ఆ చల్లటి గదిలో కూర్చుని 2008లో ఊరికి వచ్చాను. గంగారామన్న రోడ్డు పక్కన పంక్చర్ షాపు పెట్టుకుని ఉన్నాడు. ఎందుకు పంపేశారన్న సంగతి మేముండే కూలీల క్యాంపు ఫోన్లలో ఆయనకంటే ముందే ఊరు చేరింది. ‘గాలి గంగారాం’ అని పేరు పెట్టేశారు. ఆయన నా గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అది మంచితనమో, నా పేరెత్తడమే అసహ్యమో నాకు తెలియదు. రెండోదే అనుకుంటాను. ఆయన స్థానంలో నేనైతే అంతే.

పోయిన నెల బస్టాండు హోటల్లో ఒకడు, “ట్రాక్టర్ టైరుకు గాలి గంగారాం తాన గాలి కొట్టిచ్చిన, ఇంటికి పొయ్యెదాంక ఉంటదో ఉండదో” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకుని, మళ్ళీ అదే సాక్ష్యం చెప్పాను.

ఆయన ఎదుట నిలబడి చెప్పే ధైర్యం ఈ పూటకీ రాలేదు. క్షమించమని అడగను. ఆయన క్షమిస్తే, నేను చెడగొట్టిన పనిని ఆయన ఇంకోసారి తన నెత్తిన వేసుకున్నట్టే అవుతుంది. ఆ హోటల్లో నాతో కలిసి నవ్వినవాళ్ళకు మాత్రం ఇది చెప్పాలి. ఆ చక్రాలు గంగారామన్న ముట్టుకోలేదు. నాలుగింటినీ బిగించింది నేనే. ఆయన చుక్కలు పెట్టింది నేనే.

ఇది రాసి కలం పక్కన పెట్టాను. ఊపిరి కొంచెం సులువుగా ఆడింది. అలా ఆడినందుకు కూడా నా మీద నాకు కోపం వచ్చింది.