ఎడమ మూల ఇటుకలు

మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు పైన గది ఉంది. కింద బేరాలు సాగుతుంటాయి, పైన మేం ఆడుకుంటూ ఉంటాం. పాత వీడియో గేములు కూడబెట్టే పిచ్చి ఉన్న పది పన్నెండు మందిమి నెలకో ఆదివారం అక్కడ కలుస్తాం. కొట్టు యజమాని కూడా మాలో ఒకడే. చీరల కట్టలు ఒక పక్కకి జరిపి, వెనక భాగం పొట్టలా పొడుచుకొచ్చిన పాత టీవీలు రెండు బల్ల మీద పెడతాడు. ఆ కాలం ఆటలు ఇప్పటి పల్చటి టీవీల్లో సరిగా ఆడవు. మీట నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. అందుకే ఎవరైనా పాత టీవీ పారేస్తున్నారని తెలిస్తే, పాత సామాన్లవాడి కంటే ముందు మేం వాళ్ళ గుమ్మంలో ఉంటాం.

కొత్తగా వచ్చినవాళ్ళని ఉద్యోగం ఏమిటని అడగం. మొదట ఏ ఆట ఆడారు, ఎక్కడ ఆడారు, ఎవరు తిట్టారు, ఈ మూడూ చెబితే చాలు. మూడోది లేనివాళ్ళు ఉండరు. పిడుగురాళ్ల నుంచి వచ్చే సున్నంబట్టీ సూపర్‌వైజర్‌ని వాళ్ళ నాన్న తిట్టడంతో ఆగక, గేమ్ క్యాసెట్టును గేదెల తొట్టిలో పడేశాడట. ఇతను దాన్ని తీసి, విప్పి, మూడు రోజులు ఎండబెట్టి మళ్ళీ ఆడాడు. అది విన్న రోజు నుంచి మా రిపేర్లన్నీ అతనికే అప్పగించాం. మిర్చి సీజన్లో గుంటూరు నుంచి వచ్చిన మిషన్లు విప్పాల్సి వస్తే మాత్రం ముందు ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఒక దినపత్రిక గుంటూరు డెస్కులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. పిల్లలు బడి ఎగ్గొట్టి వీడియో గేమ్ పార్లర్లలో పాడైపోతున్నారని రాయమని ఒకసారి నన్ను పంపారు. చూడకుండా రాయడం పద్ధతి కాదు కనక ఒక గంట ఆడి వచ్చి, ఘాటుగానే రాశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నన్ను తిట్టింది ఆ పార్లర్ యజమాని. "మా పొట్ట కొట్టి మళ్ళీ మా దగ్గరికే వస్తారేంటండీ?" అన్నాడు. నేను ఇంకో ఆట ఆడాను.

కిందటేడు చలికాలంలో చీరాల వైపు నుంచి ఒక లెక్కల టీచర్ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మా గదికి అంతవరకూ ఆడవాళ్ళెవరూ రాలేదు. తన దగ్గర చేతిలో పట్టే పాత గేములు నలభై దాకా ఉన్నాయని చెప్పింది. ఎవరు తిట్టారని అడిగితే నవ్వి, "నన్ను తిట్టేవాళ్ళు లేరండి. మా ఇంట్లో ఆడేది మా అత్తగారే," అంది.

అత్తగారిది వేటపాలెం. కొడుకు పదో తరగతి పరీక్షల ముందు అతని చేతిలోంచి లాక్కుని బీరువాలో దాచిన ఇటుకల గేమే ఆవిడ ఆడేది. పైనుంచి ఇటుకల ముక్కలు రాలుతుంటాయి, వాటిని తిప్పి వరసలు పేర్చాలి. ఇందులో ఏముందో చూద్దామని తీసిన ఆవిడ ఇరవై ఏళ్ళుగా కింద పెట్టలేదు. కొడుక్కి పెళ్ళయింది, బాపట్లలో ఉద్యోగం వచ్చింది గానీ గేమ్ మాత్రం తిరిగి రాలేదు. ఆ ఆట చూసే కోడలికి పాత గేముల మీద మనసు పడింది.

ఆ రోజు టీచర్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జేబురుమాల్లో చుట్టిన ఆ గేమ్ తీసి సూపర్‌వైజర్ చేతిలో పెట్టింది. తెర మీద ఎడమ మూల కింద ఇటుకలు మాయమవుతున్నాయట, కాసేపటికి మళ్ళీ వస్తున్నాయట. వచ్చి పోతోందంటే మా అందరికీ ఒకటే అర్థం, ఎక్కడో లూజ్ కాంటాక్ట్. సూపర్‌వైజర్ విప్పాడు, స్పిరిట్‌తో తుడిచాడు, తెరకి వెళ్ళే పట్టీని వేడిచేసి నొక్కాడు. తలా ఒక ఆట ఆడి చూశాం, బాగానే ఉంది.

తర్వాతి నెల అది తిరిగి వచ్చింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ నొక్కి పంపాడు. మూడోసారి వచ్చేసరికి అతనికి పట్టుదల వచ్చింది. పాడైపోయిన మరో మిషన్లోంచి బాగున్న తెర తీసి దీనికి అతికించాడు. పది రోజులకి టీచర్ ఫోన్ చేసి, అదే మూల మళ్ళీ పోతోందని అత్తయ్య అంటున్నారని చెప్పింది. "నా చేతిలోంచి మూడుసార్లు తిరిగొచ్చిన మిషన్ ఇదొక్కటే," అన్నాడు సూపర్‌వైజర్ నాతో. ఆ వారమంతా దిగులుగానే ఉన్నాడు.

మళ్ళీ కలిసినప్పుడు టీచర్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఇంటి కబుర్లు చెబుతోంది. అత్తగారు జీడిపప్పు యూనిట్లో పాతికేళ్ళుగా పప్పు ఏరుతున్నారు. పళ్ళెంలో పోసిన పప్పులోంచి విరగని గుండ్లు ఒక పక్కకి, విడిపోయిన బద్దలు ఒక పక్కకి తీయాలి. ఆ పనిలో ఆవిడ ఏరిన పళ్ళేన్ని ఇంకెవరూ మళ్ళీ చూడాల్సిన అవసరం ఉండేది కాదట. ఈ మధ్య గుండ్లలో బద్దలు కలుస్తున్నాయని మేస్త్రీ రెండుసార్లు అన్నాడు. లైటు బాగాలేదని ఆవిడ పోట్లాడింది. మరోసారి జరిగితే ఏరే పని మాన్పించి ప్యాకింగ్‌లో కూర్చోబెడతామన్నారు. అప్పట్నుంచి సరిగా అన్నం తినడం లేదు.

జిల్లా విలేకరులు పంపే వార్తల్లో అసలు సంగతి తరచూ చివరి పేరాలో ఉండేది. దాన్ని పైకి తీయడమే డెస్కులో నా ఉద్యోగం. ఇటుకలు మాయమవడం నువ్వు చూశావా అమ్మా అని టీచర్‌ని అడిగాను.

"లేదండి. నేను ఆడితే బాగానే ఉంటుంది. మా ఆయన ఆడినా బాగానే ఉంటుంది."

సూపర్‌వైజర్ని అడిగాను. అతనూ చూడలేదు. మూడు నెలలుగా మేం బాగుచేస్తున్న లోపాన్ని మాలో ఒక్కరూ కళ్ళతో చూడలేదు. క్యాసెట్ ఆడకపోతే విప్పే ముందు దాన్ని ఇంకో మిషన్లో పెట్టి చూడాలన్నది మా గదిలో మొదటి పాఠం. క్యాసెట్‌తోపాటు లోపం కూడా వెళ్తే తప్పు క్యాసెట్‌ది, వెళ్ళకపోతే మిషన్‌ది. పట్టీ నొక్కాం, తెర మార్చాం గానీ ఆడే మనిషి సంగతి మాకు తట్టలేదు. మిషన్లు ప్రేమించేవాళ్ళకి తప్పు ఎప్పుడూ మిషన్లోనే కనిపిస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం సూపర్‌వైజర్, నేను వేటపాలెంలో టీచర్ వాళ్ళింటికి వెళ్ళాం. ఆవిడ వరండాలో కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. చిన్నప్పుడు జీడిగింజలు కొట్టినప్పుడు వాటి నూనె కాల్చిన మచ్చలు వేళ్ళ మీద ఇంకా నల్లగా ఉన్నాయి. కుడి కంట్లో పొర తెల్లగా తెలుస్తోంది. అది ఎప్పట్నుంచో ఉందని, ఎడమ కన్ను బంగారంలా ఉందని చెప్పింది. మాకు మజ్జిగ ఇప్పించి, బాగుచేయలేకపోయిన అబ్బాయి నువ్వేనా అని సూపర్‌వైజర్ని అడిగింది. అతను తలొంచుకున్నాడు.

ఆవిడ ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. ఆ వేళ్ళ వేగం నాకు ఏ వయసులోనూ లేదు. ఉన్నట్టుండి, "ఇదుగో, పోయింది," అంది. తెర మీద ఎడమ మూల ఇటుకలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అదే మూలకి సూటిగా చూడమంటే చూసి, "ఇప్పుడొచ్చింది," అంది. రాలుతున్న ముక్క వైపు చూస్తే మళ్ళీ పోయింది.

సూపర్‌వైజర్ ముందుకు వంగాడు. "అమ్మా, దాన్ని తలకిందులుగా పట్టుకోండి."

"తలకిందులైతే ఇటుకలు పైకి పడతాయి గదయ్యా."

"పడనీండి. ఎక్కడ పోతున్నాయో చెప్పండి."

ఆవిడ తిప్పి పట్టుకుని ఆడింది. తెరలో లోపం ఉంటే అది కూడా తిరిగి, పైన కుడి మూలకి వెళ్ళాలి.

"అక్కడే," అంది ఆవిడ. "కిందే. ఎడమ పక్కే."

సూపర్‌వైజర్ తన సంచిలోంచి ఇంకో గేమ్ తీసి ఇచ్చాడు. దాంట్లోనూ అదే మూల. అతను నా వైపు చూశాడు. చెప్పాల్సిన పని నా మీద పడింది. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే మంచిదని మెల్లగా అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. లేచి లోపలికెళ్ళి సూదీ దారం తెచ్చి, మా ముందు నిలబడి ఒక్కసారికే ఎక్కించింది. "అన్నయ్యగారూ, ఈ కళ్ళేనా పోయినవి?"

సూటిగా చూసినంతసేపూ మీకు అన్నీ కనిపిస్తాయని, పక్కనున్నదే జారిపోతోందని చెప్పాను. ఆవిడ వినలేదు. అప్పుడు సూపర్‌వైజర్ అన్నాడు, "మిషన్‌కేం లేదమ్మా. మూడుసార్లు విప్పాను. ఇంక విప్పడానికి ఏం మిగల్లేదు."

ఆవిడ సూది జాకెట్టుకి గుచ్చుకుని కూర్చుంది. కోడలి వైపు తిరిగి చాలా చిన్న గొంతుతో అంది. "కళ్ళు బాలేవని రాసిస్తే నన్ను పళ్ళెం ముందు కూర్చోనిస్తారటే?"

పళ్ళెంలో బద్దలు కలవడానికి లైటు కారణం కాదని ఆవిడకి ఎప్పుడో అనుమానం వచ్చి ఉండాలి. తప్పు ఇటుకల గేమ్‌లో ఉందని తేలితే బాగుండునని మాకంటే ఎక్కువ కోరుకున్నది ఆవిడే. టీచర్ అత్తగారి పక్కన కూర్చుంది. "ఇప్పుడు చూపించకపోతే ఆ పళ్ళెమే కనపడదు అత్తయ్యా. రేపు వెళ్దాం."

"రేపు సరుకొస్తుంది."

"రానీండి. రేపే."

మర్నాడు గుంటూరు కళ్ళ ఆసుపత్రికి నేను కూడా వెళ్ళాను. ఆవిడని ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చేతికి మీట ఇచ్చారు. గిన్నెలో ఎక్కడ చుక్కలా వెలుగు కనిపించినా నొక్కాలి, చూపు మాత్రం నడి మధ్యే ఉంచాలి. ఈ వయసువాళ్ళకి నాలుగైదుసార్లు చెప్పాల్సి వస్తుందట. ఈవిడకి ఒకసారే సరిపోయిందని పరీక్ష చేసిన అమ్మాయి బయటికొచ్చి ఆశ్చర్యపోయింది. ఆవిడ వెనకే వచ్చి, "ఎన్ని తప్పాయి?" అని అడిగింది. గెలుపోటములు చూసే పరీక్ష కాదని ఆ అమ్మాయి చెబితే, "అలాగని ఎన్ని తప్పాయో తెలియకుండా ఎలా?" అని నిలబడింది.

డాక్టర్ ఆ కాగితం మా ముందు పరిచాడు. ఎడమ కంటికి సంబంధించిన బొమ్మలో కింద ఎడమ మూలన నల్లటి మచ్చ ఉంది. గ్లకోమా అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, పోయిన మూల తిరిగి రాదు. మిగతాదంతా చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. సాధారణంగా తన దగ్గరికి సగం పోయాక వస్తారని, ఇంత ముందు ఎలా తెలిసిందని అడిగాడు. టీచర్ చెప్పడం మొదలుపెట్టింది గానీ అత్తగారు అడ్డుపడింది. ఆవిడకి కావలసింది ఒకటే.

"గుండ్లు ఏరొచ్చా?"

అదేమిటో డాక్టరుకి తెలియదు. ఆవిడ బల్ల మీదున్న కాగితాన్నే పళ్ళెం చేసుకుని, ఏది గుండో ఏది బద్దో ఓపిగ్గా చూపించింది. ఆయన చివరిదాకా విన్నాడు. చూపు ఒకచోటే నిలపకుండా పళ్ళెమంతా తిప్పుకుంటే ఏరొచ్చన్నాడు. కుడి కంటి పొర తీయించుకుంటే ఆ కన్ను కూడా తోడొస్తుందన్నాడు.

వేసవి ఎండలు ముదరకముందే పొర తీశారు. నెల తర్వాత ఆవిడే వెళ్ళి మేస్త్రీకి కాగితం చూపించి, ఉన్నదున్నట్టు చెప్పి, మళ్ళీ పళ్ళెం ముందు కూర్చుంది. వారం రోజులు అతను ఆవిడ ఏరినదంతా మళ్ళీ కలియబెట్టి చూశాడట. తర్వాత చూడటం మానేశాడు. ఈ కబురు చెప్పడానికి టీచర్ ఫోన్ చేసింది. మధ్యలో వెనక నుంచి అత్తగారి గొంతు గట్టిగా వినిపించింది.

"కబుర్లు తర్వాత. చుక్కలేసే టైమైంది, ఫోను పెట్టవే."