అన్నను అడగకుండా ఉండడానికి పన్నెండు వేలు

నంద్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం పక్కనున్న మెట్లెక్కితే అద్దాల తలుపు వెనక ఒక ఆఫీసు ఉండేది. చెడిపోయిన క్రెడిట్ స్కోరును బాగు చేస్తామని బోర్డు. మిక్సీలు బాగు చేసేవాళ్ళను చూశాను, విరిగిన చేతులకు కట్టు కట్టేవాళ్ళను చూశాను. కట్టని అప్పును కట్టినట్టు మార్చే వైద్యుడిని మాత్రం అక్కడే చూశాను. ఆ మహానుభావుడికి మా బావ పన్నెండు వేలు సమర్పించుకున్నాడు. నాకు ముందే తెలిసి ఉంటే ఆ మెట్ల మీదే కూర్చుని, ఎక్కే ప్రతివాడినీ వెనక్కి తోలేదాన్ని.

బావ అంటే మా అక్క మొగుడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. కర్నూలు కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు కాస్త జాగా, పెళ్ళి కాకముందు నుంచీ అద్దెకు అక్కడే. రోడ్డున పోయేవాళ్ళు చెక్కిన రాయి చూసి బండి ఆపుతారు, బేరమాడతారు, తమ ఊరి గుడికి కావలసింది చెప్పి బయానా ఇచ్చి పోతారు. ఆ జాగా చేయి దాటితే ఎంత పనితనం ఉన్నా సందులో కూర్చుని ఈగలు తోలుకోవలసిందే. ఆ జాగా ఓనరు అమ్మకానికి పెట్టాడు. మంచివాడే. "ముందు నీకే చెప్తాండాప్పా. శ్రావణం దాంక చూస్తా" అన్నాడు. సగం డబ్బు బావ దగ్గర ఉంది. మిగతా సగం కోసం బ్యాంకుకు పోతే, వాళ్ళు కంప్యూటర్లో చూసి స్కోరు బాగాలేదని పంపేశారు. ఎందుకు బాగాలేదని ఈయన అడగలేదు. తిన్నగా నంద్యాల బస్సెక్కి ఆ అద్దాల తలుపు తోశాడు.

నేను నంద్యాలలోనే ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఇంటికి రావడానికి మాత్రం ఆయనకు తీరిక లేకపోయింది. ఆషాఢంలో అక్క ఫోన్ చేసింది. "మే, ఈయప్ప ఏందో చేస్తాండాడు. దుడ్లు పోతాండాయి గానీ పని కాల్య. నువ్వొకసారి రా" అంది. ఆదివారం పోయాను.

"ఫైలు ప్రాసెస్‌లో ఉందంట" అన్నాడు బావ, ఫోన్ చూపిస్తూ.

"ఏ ఫైలు బావా?"

"అదేమ్మా, లోపల."

"యాడ లోపల?"

"హైదరాబాదులోనో బొంబాయిలోనో. వాళ్ళ మనుషులు లోపలుంటారంట. మనకు ఎర్రగా ఉండేదాన్ని పచ్చగా చేస్తారంట."

మిరపకాయ తోటలో కూడా పచ్చది ఎర్రగా అవుతుంది గానీ ఎర్రది పచ్చగా కాదు. ఆ మాటే అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ.

స్కోరు లెక్కలు రాసే కంపెనీలు ఏడాదికోసారి ఎవరి రిపోర్టు వాళ్ళకు ఊరికే ఇస్తాయి. పాన్ నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కొడితే చాలు. అక్క పొయ్యి మీద పెట్టిన టీ పొంగేలోపు బావ రిపోర్టు నా చేతిలో ఉంది. బండి అప్పు సక్రమంగా తీరింది. ఎర్రగా ఉన్నది ఒక్కటే: పంట పేరున బంగారం పెట్టి తెచ్చిన అప్పు. గడువు దాటి నెలలైంది. నేను బావ చేతులు చూశాను. మనిషికి ఉంగరం కూడా లేదు.

"బంగారం ఏంది బావా?"

"వాళ్ళ అన్నది ఆ బంగారం" అంది అక్క లోపలి నుంచి.

మా వైపు ఇది మామూలే. పట్టాదారు పాసుబుక్కు ఉంటే పంట కోసమని బంగారం మీద తక్కువ వడ్డీకి అప్పిస్తారు. ఒక పాసుబుక్కు మీద ఇచ్చేది నిండిపోతే, ఇంకొకరి పాసుబుక్కు అడిగి, వాళ్ళ పేరు మీద మన బంగారం పెడతాం. తమ్ముడుండగా పరాయివాళ్ళను అడిగేదేమిటి? కొలిమిగుండ్ల దగ్గర పల్లెలో బావ వాటాకు కాస్త మెట్ట ఉంది. దాన్ని సాగు చేసేది అన్నే. ఆయన ఏటా వదిన నగలు తమ్ముడి పేరున బ్యాంకులో పెడతాడు, గడువుకు వడ్డీ కట్టి రెన్యూవల్ చేయిస్తాడు. ఈ ఉగాదికి చేయించలేదు.

మరి మన వైద్యుడు చేసిన చికిత్స ఏమిటయ్యా అంటే, ఈ అప్పు నాది కాదని బావ పేరున ఒక ఫిర్యాదు పెట్టడం. బ్యాంకు దానికి జవాబుగా సంతకం పంపింది, ఫొటో పంపింది. కౌంటరు దగ్గర నగల పళ్ళెం పట్టుకుని పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు బావ. అయినా వైద్యుడు అధైర్యపడలేదు. ఇంకో నాలుగు వేలిస్తే ఇంకో రకంగా రాద్దామన్నాడు.

"బ్యాంకోళ్ళు నీకు ఫోన్ చేయలేదా బావా?"

"చేసినారు. కడతార్లేప్పా అని పెట్టేసినా."

"మీ అన్నకు చెప్పినావా?"

"ఎట్ల చెప్పేదిమ్మా? దుడ్లు కట్టు అని అన్నను అడిగేదా? తమ్ముడు నిలదీసినాడు అనుకోడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని వాడికి పన్నెండు వేలు పోసి, అబద్ధపు ఫిర్యాదు మీద సంతకం పెట్టి, ఉన్న జాగా పోయేదాకా తెచ్చుకున్నాడు. అంతా ఏ పని తప్పించుకోవడానికి? ఒక్క మాట అడగడం తప్పించుకోవడానికి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన అడగడమే పాపమనుకునే రకం.

"మొగమాటానికి పోతే కడుపైందంట" అంది అక్క టీ ఇస్తూ. "ఈయప్పకు నెలలు కూడా నిండినాయి."

మరుసటి రోజు నేను బడికి సెలవు పెట్టి ఆ మెట్లెక్కాను. "ఫీజు మా సర్వీసుకు మేడం, రిజల్టుకు కాదు" అన్నాడు వాడు, చల్లటి గదిలో కూర్చుని. నిజంగా ఉన్న అప్పును ఎవరూ చెరపలేరని నీకు తెలుసా తెలియదా అంటే, తెలుసన్నాడు. సిగ్గు లేకుండా తెలుసన్నాడు! నోటికొచ్చింది నాలుగు దులిపి దిగివచ్చాను. పైసా వెనక్కి రాలేదు.

డబ్బులు పోయకుండా మనమే చేసుకోవచ్చు, ఊరికే అయిపోతుంది అని బావకు గొప్పగా చెప్పాను. ఊరికే వచ్చేది రిపోర్టు ఒక్కటే. మిగతా దానికి నోరు తెరవాలి, ఆ నోరే మా బావకు లేదు. చివరికి అక్కే ఆయన్ను లాక్కుని పల్లెకు బయలుదేరింది. నేనూ పోయాను.

వాళ్ళన్న ఇంట్లో బావ వానల గురించి మాట్లాడాడు. శనగల ధర గురించి మాట్లాడాడు. సంగటి తిన్నాడు. గేదె ఈనిందా అని కూడా అడిగాడు. ఇక అక్క ఆగలేక సంగతంతా చెప్పేసింది.

పెద్దాయన నోరు తెరిచాడు. "రేయ్, ఫోన్లు నీకే వస్తాయి కదరా! బ్యాంకోళ్ళు గమ్మునుంటే గడువిచ్చినారనుకుంటి. శనగలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోని ధర కోసం కూచున్నా. ఉగాది కాడ చెప్పింటే ఉగాది కాడనే అమ్మి కట్టిందును కదా!"

కోపం లేదు, పంతం లేదు. ఆ వారంలోనే శనగలు అమ్మాడు, అప్పు తీర్చాడు, నగలు విడిపించాడు. అప్పు తీరిందన్న కాగితం పట్టుకుని బావ బ్యాంకుకు పోయాడు. ఆలస్యమైన నెలల మచ్చ అట్లాగే ఉంటుంది, స్కోరు మెల్లగా లేస్తుంది, కొన్నాళ్ళాగి రండి అన్నారు. శ్రావణం ఆగుతుందా? ఓనరు చెప్పిన గడువు కంటే పదిరోజులు ఎక్కువే చూశాడు, తర్వాత టైల్స్ షాపు పెట్టుకునేవాళ్ళకు అమ్మేశాడు. ఆయనను అనడానికి నాకు మాట దొరకలేదు.

దసరా అయ్యాక షెడ్డు ఖాళీ చేశారు. అన్న తన ట్రాక్టరు తెచ్చాడు. పెద్ద రాళ్ళు క్రేనుతో పోయాయి, మిగిలినవి ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పెద్దాయన అన్నాడు: "రేయ్, శనగ ఇత్తనానికి దుడ్లు కావల్ల. మీ వదిన నగలు మళ్ళా పెడదామనుకుంటాండా. పాసుబుక్కు యాడుంది?"

"ఇంట్లో ఉందిన్నా, తీస్కపో" అన్నాడు బావ. ఒక్క క్షణం ఆలోచించలేదు. నా చేతిలో ఉలి ఉంది. అది విసిరేయకుండా ఉండడానికి చాలా నిగ్రహం కావలసి వచ్చింది.

"వద్దు బావా" అంది అక్క వాళ్ళాయన అన్నతో. "ఈయన పేరు మీద ఇంక వద్దు."

బావ నేల చూశాడు. నేను గొడవకు సిద్ధమై కొంగు దోపుకున్నాను.

"సరేలేమ్మా, ఇంకొకర్ని అడుగుతా" అన్నాడు పెద్దాయన, తాడు బిగిస్తూ. "ఆ చిన్న రాళ్ళు ఈ ట్రిప్పుకేనా?"

ఆయన ట్రాక్టరు ముందువైపుకు వెళ్ళాక బావ మెల్లగా అక్క దగ్గరికి వచ్చాడు.

"అన్న ఏమీ అనుకోల్యా?"

"అనుకోల్య" అంది అక్క. "ఆ రాళ్ళెత్తు."