పేరు పెట్టి పిలిచిన గొంతు

ఆదివారం ఆరాధన అయ్యాక డోలక్ మీద గుడ్డ కప్పుతుంటే నా చేతులు వణికాయి. ఉపవాసం వల్లేమో అనుకున్నాను.

ఇటిక్యాల దగ్గరి మా సంఘంలో నేను డోలక్ వాయిస్తాను. నాకు మగవాళ్ల మీదే ప్రేమ కలుగుతుందని అక్కడెవరికీ తెలియదు. రోజూ తాగుతానని కూడా తెలియదు. ప్రతివారం నా పెళ్లి కోసం అందరూ ప్రార్థించేవారు. నేనూ ఆమెన్ అని, బయటికి వెళ్లి తాగేవాణ్ణి. ఆ ప్రేమ, ఆ తాగుడు రెండూ పోవాలని ఆ శనివారమే ఉపవాసం పట్టి, మందు ఒక్కసారిగా మానేశాను.

సోమవారం ఉపవాస కూటంలో బైబిలు వాక్యం చదువుతుంటే అక్షరాలు చీమల్లా కదిలి నా వేళ్ల మీదికి పాకాయి. దులిపినా రాలలేదు. కిటికీ అవతల ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. చూస్తే ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ గొంతు మళ్లీ పిలిచి కాలువకు రమ్మంది. నేను బాప్తిస్మం తీసుకున్న కాలువ అది.

మందిరంలో పడుకున్న బాలుణ్ణి దేవుడు పిలిచిన కథ వింటూ పెరిగినవాణ్ణి. "చిత్తం ప్రభువా" అంటూ లేచాను.

"పిలగానికి దర్శనమొచ్చింది! అడ్డం పోకుండ్రి," అంది ఒక పెద్దమ్మ.

నేను ముందు నడిచాను. వెనక సంఘమంతా చప్పట్లతో పాడుతూ వచ్చింది. కాలువ నీళ్లలో తెల్లబట్టలవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లకు ముఖాలు లేవు. అందరూ నా గొంతుతోనే నన్ను పిలుస్తున్నారు.

అమ్మ ఒక్కతే పాడలేదు. "దేవుడు పిలిస్తే గిట్ల చెమటలు పడ్తయా? ఆని చేతులు సూడుండ్రి!" అని నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. గట్టు మీదే ఫిట్స్ వచ్చి పడిపోయాను.

గద్వాల దవాఖానలో డాక్టరమ్మ అందర్నీ బయటికి పంపింది. "రోజూ ఎంత తాగుతవు? ఎప్పుడు బంద్ చేసినవు?" అని అడిగింది. చెప్పాను. ఎందుకు తాగుతానో కూడా చెప్పాను.

"అది దర్శనం కాదు తమ్మీ, ఆల్కహాల్ విత్‌డ్రాయల్. తాగుడు బంద్ చేస్తే లేనివి కనిపిస్తయి, వినిపిస్తయి. డెలీరియం అంటరు. గిట్ల ఒక్కసారే ఆపితే పాణం పోతది. తాగుడుకు మందులున్నయి. నీ ప్రేమ రోగం కాదు, దానికి మందు అక్కర్లేదు."

లివర్ ఫంక్షన్ టెస్టులు చేశారు, థయమిన్ అనే విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. గొంతులు మెల్లగా దూరమయ్యాయి.

ఇంటికొచ్చాక సంఘంలో మళ్లీ నా పెళ్లి ప్రార్థన మొదలైంది. ఆ సాయంత్రమే తాగాను. మళ్లీ దవాఖానలో చేరాను. ఈసారి అమ్మకు అంతా చెప్పాను.

తర్వాతి ఆదివారం ఆమె సంఘంలో లేచి నిలబడింది. "మా పిలగాని పెండ్లి ప్రార్థన బంద్ చేయుండ్రి. ఇన్ని దినాలు అడిగినం, దేవునికేమన్న చెవుడా? ఆని పాణం కోసం ప్రార్థన చేయుండ్రి."

ఇప్పటికీ కొందరు నా పక్కన కూర్చోరు. నేను మాత్రం డోలక్ వాయిస్తున్నాను, మందులు వేసుకుంటున్నాను, తాగడం లేదు. నాలాంటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒకటే చెప్తాను: ఉపవాసం పట్టినా, ఒట్టు పెట్టుకున్నా, తాగుడు మానేముందు డాక్టరును కలవండి. ఎంత తాగుతున్నారో దాచకండి.

వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇంకా ఒళ్లు జలదరిస్తుంది. కదలకుండా ముందు అడుగుతాను.

"అమ్మా, పిలిచినవా?"

"నేనే బిడ్డా. అన్నం సల్లారుతుంది, రా."

అప్పుడు లేస్తాను.